మూడు చుక్కలూ ఒక పొడుగు గాటూ

స్నానాల గదిలో తిరుపాలు టైల్స్ పరిచాడంటే ఒక్క చుక్క నీళ్ళు కూడా మూలన నిలబడవని మహదేవపుర వైపు పనిచేసే మేస్త్రీలందరికీ తెలుసు. కదిరి దగ్గరి పల్లె నుంచి బెంగుళూరు వచ్చిన కొత్తలో అతను ఒట్టి కూలీ. ఇసుక జల్లించాడు, సిమెంటు మూటలు మోశాడు, పనివాళ్ళ పక్కన నిలబడి చూసి చూసి చేతిపని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక భార్య రేణుక కూడా అతని వెంబడే పనికి రాసాగింది. అతను కటింగ్ మిషన్ పట్టుకుంటే ఆమె సిమెంటు కలిపేది. అట్టపెట్టెలు మోసుకొచ్చి, టైల్స్ బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్కటే అందించేది. అంతా అయ్యాక సందుల్లో తెల్ల సిమెంటు పూసి స్పాంజితో నున్నగా తుడిచేది కూడా ఆమే. ఆ మొగుడూ పెళ్ళాలను పిలిస్తే నలుగురి పని అయిపోతుందని పేరు. ఆ పేరంటే తిరుపాలుకు మహా గర్వం. అందులో సగం రేణుకదని మాత్రం అతనికి ఎప్పుడూ తోచలేదు.

కాడుగోడిలో రైలు స్టేషను వెనక ఒక వఠారంలో వాళ్ళ కాపురం. ఒక గది, ముందు చిన్న పంచ. కూతురు కదిరిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పక్క గదిలో పెద్దక్క అనే ముసలామె ఒక్కతే ఉంటుంది. ఆమె ఎవరికి అక్కో ఎవరికీ తెలియదు కానీ వఠారమంతా ఆమెను అలాగే పిలుస్తుంది.

తిరుపాలు చెడ్డవాడేమీ కాడు. తాగడు. పెళ్ళాం మీద చెయ్యెత్తడు. ఆ రెండూ లేవు కాబట్టి తాను మంచి మొగుడినని అతని నమ్మకం. అతనికి గిట్టనిదల్లా జబ్బు అనే మాట. తనకు జ్వరమొస్తే పనిలోకి పోయి చెమట పట్టించుకునేవాడు. ఇంకొకరు ఒళ్ళు బాగాలేదంటే పని తప్పించుకోవడానికే అనుకునేవాడు. ఆ ఇంకొకరిలో రేణుక కూడా ఉండేది.

ఆ ఏడు వానాకాలంలో ఒక అపార్టుమెంటులో లిఫ్టుల ముందరి జాగా అంతా వాళ్ళకు అప్పగించారు. ఇళ్ళవాళ్ళు వచ్చి చేరే తేదీ ముంచుకొస్తోంది. ఒకరోజు పొద్దున్నే రేణుక బొడ్డు చుట్టూ నొప్పిగా ఉందంది.

"రాత్రి ఆ శనగలు తిన్న్యావు కదా, గ్యాసు," అన్నాడు తిరుపాలు.

సోడాలో నిమ్మకాయ పిండి తాగించి పనికి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి ఆమెకు వాంతి అయింది. సాయంత్రానికి నొప్పి కిందికి దిగి కుడిపక్కన నిలిచింది. మరుసటి రోజు నడుము వంచుకుని నడుస్తూనే సిమెంటు కలిపింది. "ఆస్పత్రికి పోదామప్పా, ఇది ఎప్పుడూ వచ్చే నొప్పి మాదిరి లేదు," అని నెమ్మదిగా అంది. తిరుపాలు తల ఎత్తకుండానే, "పని గట్టిగా ఉన్నప్పుడల్లా నీకేదో ఒకటి వస్తాది. ఈ టైల్స్ వరస అయిపోనీ," అన్నాడు.

వరస అయిపోకముందే నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. రేణుక గోడకు ఆనుకుని కూర్చుని, "ఇప్పుడు కొంచెం వదిలినట్లుండాది," అంది. తిరుపాలు పకపకా నవ్వాడు. పక్కన పనిచేస్తున్న మహబూబ్ బాషాను పిలిచి మరీ చెప్పాడు. "చూసినావా బాషా? నేను చెప్పలే? గ్యాసే! దీనికి ఆస్పత్రి కావాలంట!" బాషా టైల్స్ కోసేవాడు, హూడిలో ఉంటాడు, తిరుపాలుకు చాలా ఏళ్ళ స్నేహితుడు. అతను నవ్వలేదు. "ఆమె మొహం చూడప్పా, తెల్లగా ఉండాది," అన్నాడు.

మర్నాటికి ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది. కడుపు చెక్కలాగా బిగుసుకుపోయింది, చెయ్యి తగిలితే కేక పెడుతోంది. పెద్దక్క తిట్లకు తట్టుకోలేక తిరుపాలు ఆటో పిలిచాడు. సర్కారు ఆస్పత్రిలో స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పటికి ఆమెకు మాట తడబడుతోంది. అపెండిక్స్ పగిలిందని, ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలని చెప్పి లోపలికి తీసుకుపోయారు.

బతికింది. కానీ చాలా రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. పక్కలోంచి ఒక గొట్టం పెట్టి లోపలి చీము బయటికి తీశారు. గాయానికి కూడా చీము పట్టింది. ఆఖరికి కుట్లు తీసేసి, బరువులు ఎత్తకూడదని చెప్పి ఇంటికి పంపారు. ఆ మాట నర్సు కన్నడంలో చెప్పింది, తిరుపాలు తల ఊపాడు. కుట్లు తీశారంటే మానిపోయినట్టేనని అతని లెక్క.

ఇంట్లో గాయానికి గుడ్డ మార్చేది పెద్దక్కే. ఆ సమయానికి తిరుపాలు బయటికి పోయి బీడీ ముట్టించేవాడు. రక్తం చూస్తే అతనికి కళ్ళు తిరుగుతాయి. ఆపరేషన్ అయిననాటి నుంచీ ఆ గాటు ఎట్లుందో అతను ఒక్కసారి కూడా చూడలేదు.

వంట చేశాడు. నీళ్ళు పట్టాడు. మొదట్లో రెండు మూడు వారాలు ఓపికగానే ఉన్నాడు. కానీ పని దగ్గర కొత్తగా పెట్టుకున్న మనిషి టైల్స్ తప్పుగా అందించేవాడు, సిమెంటు పలచన చేసేవాడు. ఒక చోట పరిచిన నేల మళ్ళీ పీకాల్సి వచ్చింది. తిరుపాలు పని చెడిపోతోందని ఎవరో అన్నారట. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

అప్పుడే చాందిని వాళ్ళ ఫ్లాటు పని వచ్చింది. చాందిని నల్గొండ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మహదేవపురలో పాత ఫ్లాటు కొనుక్కుని వంటగదికీ స్నానాల గదులకూ కొత్త టైల్స్ వేయిస్తోంది. పని చూడడానికి వచ్చినప్పుడు, "అన్నా, మీరూ మీ వైఫూ ఇద్దరూ కలిసి చేస్తారని విన్నాను. ఆమె రాలేదా?" అని అడిగింది.

"అపెండిక్స్ ఆపరేషన్ అయింది మేడమ్. నెల దాటింది. ఇంకా లేవలే."

"అయ్యో, నాకూ అయింది పోయినేడు! నాకు కీహోల్ చేశారు. పొట్ట మీద మూడు చిన్న చిన్న రంధ్రాలు, అంతే. కెమెరా పెట్టి తీసేశారు. మర్నాడే ఇంటికి పంపించారు. వారానికి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. ఇప్పుడు వెతికితే కనిపిస్తాయేమో, చుక్కల్లా ఉంటాయి." తరవాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆమెకు ఏది చేశారు?" అంది.

"అదే మేడమ్, అపెండిక్స్‌దే," అన్నాడు తిరుపాలు. రెండు రకాలు ఉంటాయని అతనికి తెలియదు. అడగను కూడా అడగలేదు. చాందినికి ఫోను వచ్చింది, మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయింది. తిరుపాలు చెవిలో రెండే మాటలు మిగిలాయి. మూడు చుక్కలు. వారం.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి రేణుక గోడ పట్టుకుని పంచలోకి వస్తోంది.

"ఇంకా ఎన్ని దినాలే ఈ నాటకం?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"చాందిని మేడమ్‌కూ ఇదే జబ్బంట, ఇదే ఆపరేషనంట. వారానికి పనిలో కూర్చున్న్యాదంట. మూడు చుక్కలంట, అంతే. నువ్వు చూస్తే నెల దాటినా గోడలు పట్టుకోని నడుస్తాండావు."

"ఆయమ్మది కూర్చోని చేసే పనప్పా," అంది రేణుక. "నాకు వంగితే లోపల చీరినట్లయితాండాది."

"కుట్లు తీసేసినారు. ఇంక చీరేదానికి ఏముండాది? వాళ్ళు చదువుకున్నోళ్ళు, సుకుమారంగా పెరిగినోళ్ళు. వాళ్ళకే లేని నొప్పి నీకు యాడనుంచి వచ్చింది? మహారాణివా?"

పెద్దక్క తన గడపలో కూర్చుని వింటోంది. "ఒరేయ్ తిరుపాలా," అంది, "దాని కడుపు ఒక్కసారన్నా చూసినావా నువ్వు?"

"చూసేదేముందక్కా, మూడు చుక్కలు," అన్నాడు తిరుపాలు.

రేణుక గోడ పట్టుకుని లోపలికి పోయింది. ఆ తరవాత రోజూ అదే పాట. తినేటప్పుడు ఒకసారి, చెప్పులు వేసుకునేటప్పుడు ఒకసారి. గట్టిగా అరిచేవాడు కాదు, నవ్వుతూ అనేవాడు. "మహారాణి లేచినారా?" అనేవాడు. వఠారంలో వాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు. నాలుగు రోజులయ్యాక ఒక పొద్దున అతను లేచేసరికి రేణుక జడ వేసుకుని, పని చీర కట్టుకుని, మూట సర్దుకుని గడపలో నిలబడి ఉంది. "పదప్పా," అంది.

తిరుపాలు గెలిచినట్టు సంతోషపడ్డాడు.

ఫ్లాటులో ఆమె ముందు కూర్చుని చేసే పనే అందుకుంది. టైల్స్ తుడిచింది, సిమెంటులో నీళ్ళు పోసింది. ఒక చెయ్యి కడుపు మీదే ఉంది. మధ్యాహ్నం చాందిని వచ్చింది. ఆమెను చూడగానే తిరుపాలుకు ఎక్కడలేని ఉత్సాహం పుట్టింది.

"మేడమ్, ఈమే నా భార్య రేణుక. మీరు ఎన్ని దినాలకు లేచినారో ఒకసారి చెప్పండి మేడమ్. నేను చెప్తే నమ్మదు."

చాందిని నవ్వి, "వారానికే లేచానక్కా. భయపడకండి, తగ్గిపోతుంది," అంది. మంచిగా, ధైర్యం చెప్పడానికే అంది.

"విన్న్యావా? నీ మూడు చుక్కలు కూడా చూపించు మేడమ్‌కు," అన్నాడు తిరుపాలు.

బాషా కటింగ్ మిషన్ ఆపేశాడు. ఇంకో ఇద్దరు పనివాళ్ళు గుమ్మంలోంచి చూస్తున్నారు. రేణుక మొహం నల్లబడింది. కొంగు కడుపు చుట్టూ గట్టిగా లాక్కుంది. చాందిని ఇబ్బందిగా, "వద్దు వద్దు, ఏం మాటలన్నా అవి," అని పక్క గదిలోకి పోయింది.

ఎవరూ ఏమీ అనకముందే రేణుక లేచింది. గోడ పక్కన పేర్చిన టైల్స్ పెట్టెల దగ్గరికి పోయి, ఒక పెట్టె కిందికి రెండు చేతులూ పెట్టి ఎత్తింది. ఆ పెట్టె మగవాళ్ళే ఊపిరి బిగబట్టి ఎత్తేది. బాషా "వదినా, వద్దు!" అని అరిచాడు. ఆమె స్నానాల గది దాకా మోసుకొచ్చి, తిరుపాలు ముందర దించి, అక్కడే కూర్చుండిపోయింది. మూలుగు కూడా లేదు. కాసేపటికి ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గర తడిసింది. సిమెంటు నీళ్ళనుకున్నాడు తిరుపాలు. తరవాత ఆ తడి రంగు చూశాడు.

మళ్ళీ అదే ఆస్పత్రి. ఈసారి డాక్టర్ వరూధిని చూసింది. రేణుకకు ఆపరేషన్ చేసింది ఆమే. తాతల నాటి నుంచి బెంగుళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం కాబట్టి తిరుపాలు వాళ్ళ యాసలోనే మాట్లాడుతుంది. గాయం చూసి మొహం చిట్లించింది.

"కిందిభాగం తెరుచుకోని ఉండాది. ఏం చేసినావమ్మా? ఏమన్నా బరువు ఎత్తినావా?"



"ఎత్తినా మేడమ్," అంది రేణుక. "ఇంట్లో నీళ్ళ బిందె. నేనే తెలీక ఎత్తినా. మా ఇంటాయన వద్దనే అన్న్యాడు."

డాక్టరు తిరుపాలు వైపు చూసింది. నిజం చెప్పడానికి అది సరైన క్షణం. అతను చెప్పలేదు. చెప్పకపోగా, తప్పును ఎవరి మీదనైనా తోసేయాలనిపించి, గొంతు పెంచి అడిగాడు.

"మేడమ్, మాకు తెలిసిన మేడమ్‌కు ఇదే ఆపరేషన్ మూడు చుక్కలతో చేసినారు. వారానికి లేచింది. మీరు ఎందుకు ఇట్ల కోసినారు? మేము పేదోళ్ళమనా?"

డాక్టర్ వరూధిని కోప్పడలేదు. చేతి తొడుగులు తీసేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ ఆపరేషన్ ఇక్కడ కూడా చేస్తామప్పా. తొందరగా వచ్చినోళ్ళకు ఎక్కువమందికి అట్లే చేస్తాం. దాంట్లో నొప్పి తక్కువ, గాయానికి చీము పట్టేది తక్కువ, తొందరగా పనికి పోవచ్చు. అది నిజమే. లోపల అపెండిక్స్ పగిలినా కొందరికి అట్లే చేయొచ్చు. కానీ మీయామెను తెచ్చినప్పుడు బీపీ పడిపోయి ఉండాది. మూడు రంధ్రాల ఆపరేషన్ చెయ్యల్లంటే కడుపులోకి గాలి నింపల్ల. ఆ పొద్దు ఆ గాలికి తట్టుకునే మనిషి కాదు ఈమె. కడుపంతా చీము. తొందరగా తెరిచి కడగల్ల. అందుకే పెద్ద గాటు పెట్టినా. మాదొక చెడ్డ ఆపరేషన్, వాళ్ళదొక మంచి ఆపరేషన్ అనుకోవద్దు. ఆ గాటే ఈమెను బతికించింది. కాకపోతే అది మానేదానికి నెలలు పడతాది. ఆ మేడమ్‌కూ ఈమెకూ జబ్బు పేరొకటే. వచ్చిన గతి వేరే."

కేసు కాగితం తిప్పుతూ డాక్టరు మళ్ళీ అడిగింది.

"నొప్పి మొదలైనంక ఎందుకంత ఆలస్యం చేసినారు?"

"నేనే చెప్పలే మేడమ్," అంది రేణుక, కళ్ళు పైకప్పు మీద పెట్టి. "గ్యాసేమో అనుకోని దాచిపెట్టుకుంటి."

"మధ్యలో ఒకసారి నొప్పి తగ్గినట్లు అనిపించిందా?"

"అనిపించింది."

"అప్పుడే పగిలుంటాది," అంది డాక్టరు, కాగితం మీద ఏదో రాస్తూ. "చానామందికి అట్లే అయితాది. నొప్పి పోయిందని సంతోషపడతారు పాపం."

తిరుపాలుకు తన నవ్వు తనకే వినిపించింది. లిఫ్టుల ముందర, గోడకు ఆనుకుని కూర్చున్న పెళ్ళాన్ని చూపించి, బాషాను పిలిచి మరీ నవ్విన నవ్వు. ఆమె లోపల పేగు పగిలి చీము కారుతున్న ఘడియలో అతను పందెం గెలిచినవాడిలా నవ్వాడు. నేల మీద చూపు నిలిపాడు. ఆస్పత్రి నేల మీద ఎవరో అడ్డదిడ్డంగా వేసిన టైల్స్ ఉన్నాయి. వేరే రోజైతే వాటిని తిట్టుకునేవాడు.

"ఇట్ల రాప్పా," అని పిలిచింది డాక్టరు. "ఇంట్లో కట్టు ఎట్ల మార్చల్లో నేర్చుకో. రోజూ మార్చల్ల."

బయటికి పోవడానికి దారి లేదు. మొదటిసారి చూశాడు. బొడ్డుకు పైనుంచి మొదలై, బొడ్డును పక్కకు తప్పించుకుని కింది దాకా దిగిన పొడుగాటి గాటు. రెండు పక్కలా కుట్ల మచ్చలు. కింది కొసన తెరుచుకున్న చోట ఎర్రటి మాంసం. అతనికి కళ్ళు తిరిగాయి. మంచం ఇనుప చువ్వ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. మూడు చుక్కలు అని పెద్దక్కతో తాను అన్న మాట, పదిమందిలో చూపించమన్న మాట, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. రేణుక మొహం గోడవైపు తిప్పుకుంది. తన ఒంటిని మొగుడు చూస్తున్నందుకు ఆమెకే సిగ్గుగా ఉన్నట్టుంది. అది చూసి అతనికి ఇంకా తలవంపులయింది.

ఆ రోజు నుంచి కట్టు మార్చేది తిరుపాలే. పెద్దక్కను రానివ్వలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, గాజుగుడ్డను మందునీళ్ళలో తడిపి, తెరుచుకున్న చోట మెల్లగా పెట్టేవాడు. ఆమె పళ్ళు బిగపట్టేది.  తన తప్పు చెప్పాలనుకునేవాడు. చెప్పడానికి నోరు తెరిస్తే, "నొప్పిగా ఉండాదా?" అన్న మాట తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఆమె "ఊ" అనేది.

తరవాతి వారం చూపించుకోవడానికి పోయినప్పుడు, రేణుకను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తిరుపాలు ఒక్కడే లోపలికి పోయాడు. చేతులు కట్టుకుని నిలబడి, "మేడమ్, ఆ పొద్దు మాయామె చెప్పింది అబద్ధం. బిందె కాదు. టైల్స్ పెట్టె. నేనే మాటలు అని అని ఎత్తేట్లు చేసినా. ముందు నొప్పి వచ్చినప్పుడు కూడా ఆమె చెప్పింది, నేనే తీసుకరాలే," అన్నాడు.

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాడు. తిడితే కొంత దిగుతుందని ఆశపడ్డాడు కూడా. బయట వరసలో జనం బారులు తీరి ఉన్నారు. వరూధిని అలసటగా అతని వైపు చూసింది.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా? పోయి ఆమెకు చెప్పు. తరవాతి వాళ్ళను పంపించు," అంది.

బయటికి వచ్చాడు. ఆస్పత్రి గేటు పక్కన బండి దగ్గర రెండు టీలు తెచ్చాడు. రేణుకకు ఒకటిచ్చి పక్కన కూర్చున్నాడు. తన టీ చల్లారిపోయేదాకా ఊరికే పట్టుకున్నాడు.

"నాది తప్పయింది మే," అన్నాడు ఆఖరికి. "నొప్పి అన్నప్పుడు తీసుకరాలే. లేవలేకుంటే నాటకమన్న్యా. పదిమందిలో చూపించమన్న్యా. ఆ డాక్టరమ్మ ముందర కూడా నువ్వు నన్ను కాపాడితివి, నేను నోరు మూసుకోని కూర్చున్న్యా. నాకు సిగ్గయితాండాది."

 ఎదురుగా ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని వరసలో ముందుకు జరుగుతోంది. ఆమెనే చూస్తూ రేణుక అంది.

"నేను నిన్ను కాపాడలే. నా మొగుడు ఇట్లాంటోడని ఆయమ్మకు తెలిస్తే నాకే సిగ్గని చెప్పినా." అతని వైపు తిరిగింది. "నీకు టైమ్ లేదు, పని ఉండాది. అదంతా నాకు తెలుసు. నేను అంటాండేది అది కాదు. ఇన్నేళ్ళు నీ పక్కన బరువులు మోసినా. ఎప్పుడన్నా నొప్పని పని ఎగ్గొట్టినానా? నాకు నొప్పంటే అది నొప్పే అని నమ్మేదానికి నీకు ఒక డాక్టరమ్మ చెప్పల్లనా?"

 

తరవాత అతను ఫ్లాటు దగ్గర బాషాకు, మిగతా ఇద్దరికీ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాడు. చాందిని విని, "నేనే సగం సగం చెప్పానేమో అన్నా. ఓపెన్ చేస్తే చాలా టైమ్ పడుతుందని నాకు తెలుసు. ఫోను రాగానే వెళ్ళిపోయాను," అని నొచ్చుకుంది. "మీరు అడిగినారు మేడమ్, ఏది చేసినారని. నాకు తెలీదు, తెలుసుకోనూ లేదు," అన్నాడు తిరుపాలు. వఠారంలో ఒకడు అలవాటు కొద్దీ "మహారాణి లేచినారా?" అంటే, తిరుపాలు అతని ముందుకు పోయి, "ఆ మాట మొదలుపెట్టినోణ్ణి నేను. తప్పు నాది. ఇంక ఎవరూ అనొద్దు," అన్నాడు. వాడు తెల్లబోయి లోపలికి పోయాడు.

గాయం మానడానికి చలికాలం గడిచిపోయింది. ఆ చోట పొట్ట కండ బలహీనపడిందని, నడుముకు పట్టీ కట్టుకోవాలని, బరువులు ముట్టుకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది. వేసవి మొదట్లో రేణుక మళ్ళీ పనికి వచ్చింది. ఇప్పుడు పెట్టెలు మోసేది తిరుపాలు. రేణుక కటింగ్ మిషన్ నేర్చుకుంటోంది, బాషా నేర్పుతున్నాడు. పని ముందటికన్నా నెమ్మదిగా సాగుతుంది. నలుగురి పని అనే పేరు ఇప్పుడు లేదు. రేణుక మునుపటిలాగే వండుతుంది, మాట్లాడుతుంది, కూతురితో ఫోనులో నవ్వుతుంది. కానీ ఒంట్లో ఏదైనా తేడా వస్తే తిరుపాలుకు చెప్పదు, పెద్దక్కకు చెబుతుంది. అది అతనికి తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగే మొహం తనకు లేదని కూడా తెలుసు.

మళ్ళీ వానలు పడే రోజుల్లో, పని మధ్యలో బాషా మిషన్ ఆపి కడుపు పట్టుకున్నాడు. "పొద్దున్నుంచి బొడ్డు కాడ మెలిపెడతాంది, ఇప్పుడు ఈ పక్కకు వచ్చింది," అని కుడిపక్క చూపించాడు. తిరుపాలు చేతిలో తాపీ కింద పడేశాడు. బాషా వద్దంటున్నా, "బిర్యానీ తిన్న్యా లేప్పా, అదే," అంటున్నా వినలేదు. కలిపిన సిమెంటు గట్టిపడుతున్నా చూడలేదు. ఆటోలో ఎక్కించుకుని సర్కారు ఆస్పత్రికి పోయాడు. అపెండిక్సే. పగల్లేదు. కీహోల్ ఆపరేషన్ చేసి తొందరగానే ఇంటికి పంపారు.

ఆదివారం మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ హూడికి చూడడానికి పోయారు. బాషా మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చొక్కా పైకెత్తి, "చూడు వదినా, మూడే! దోమ కుట్టినట్లుండాది," అని చూపించాడు. చూపించాక ఏదో గుర్తొచ్చి గబుక్కున చొక్కా దించుకున్నాడు. రేణుక నవ్వింది. "దించుకుంటావేం బాషా, మంచిదే కదా అయింది," అంది. "ఈ వారంలోనే పనికి వచ్చేస్తా," అన్నాడు బాషా. "డాక్టరమ్మ చెప్పేదాకా రావద్దు," అన్నాడు తిరుపాలు, "వారమని ఎవరు చెప్పినా నమ్మద్దు. నీ ఒళ్ళు ఏం చెప్తే అది విను."

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో నిలబడ్డారు. రేణుక రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"బాషా నొప్పి అన్న్యాడో లేదో ఆటో పిలిచినావంట?"

"ఊ."

"కలిపిన సిమెంటు అట్లే వదిలేసి పోతివంట."

"ఊ."

"మంచి పని చేసినావు," అంది రేణుక.

ఆమె ఎత్తిపొడవలేదు. మనస్ఫూర్తిగానే అంది. అందుకే తిరుపాలు తల ఎత్తలేకపోయాడు. బాషా కోసం ఆ రోజు పారేసిన సిమెంటు తట్టెడు. తన పెళ్ళాం కోసం ఒక్క వరస టైల్స్ ఆపలేకపోయాడు. ఆమె ఇంకో మాట అంటుందేమోనని ఎదురుచూశాడు.  కాడుగోడి బస్సు వచ్చింది. రేణుక ఒక చెయ్యి నడుము పట్టీ మీద ఆన్చుకుని, మెల్లగా మెట్టెక్కింది. ఆమె చేతిలోని సంచీ అందుకుని తిరుపాలు వెనకే ఎక్కాడు.